ఇన్సులిన్ కథ – రాత్రి జాగ్రత్త

ఉగాదినాడు వేపపూవు చేదునూ, కొత్త బెల్లపు తీపినీ ఒక్క గిన్నెలో కలిపి తినడం మన పెద్దలు పెట్టిన ఆచారం. తీపిని ప్రతి పూటా తూచుకొని బ్రతుకవలసినవారు మన ఇళ్ళలోనే కొందరున్నారు. మొదటి రకం మధుమేహం వచ్చిన పిల్లలూ, పెద్దలూ వారు. వారికి ప్రాణం పోసినది ఇన్సులిన్. ఆ మందు చరిత్రను, అందులో రాత్రివేళకు ఉన్న స్థానాన్ని, రాయవేలూరు, గుడియాత్తం, కనియంబాడి ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు నాలుగు మాటల్లో చెప్పదలచినాము.

ఈ వ్యాధి మనకు కొత్తది కాదు. సుశ్రుతుడు దీనిని పుట్టుకతో వచ్చేదని, అపథ్యం వల్ల వచ్చేదని రెండు విధాలుగా చెప్పినాడు. మొదటి దానిలో రోగి కృశించి ఉంటాడని కూడా గుర్తించినాడు. గుర్తించడం జరిగినది గాని, మందు దొరకడానికి వేల యేండ్లు పట్టినది. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే వైద్యులు కుక్కకు క్లోమం తీసివేస్తే మధుమేహం వస్తుందని కనిపెట్టినారు. 1921లో కెనడాలోని టొరాంటో నగరంలో, మెక్లియాడ్ ప్రయోగశాలలో, బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు క్లోమం నుంచి సారం తీసినారు. కాలిప్ దానిని శుద్ధి చేసినాడు. అంతవరకు వైద్యులు చేయగలిగినదల్లా ఈ పిల్లలను అర్ధాకలితో ఉంచి, చావును కొన్ని నెలలు వెనక్కు నెట్టడమే. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 యేండ్ల బాలునికి తొలి సూది వేసినారు. అది సరిగా పనిచేయలేదు. జనవరి 23న శుద్ధి చేసిన మందు వేయగా రక్తంలో చక్కెర దిగినది. ఆ బాలుడు మరి 13 యేండ్లు జీవించినాడు.

అయితే ఈ అమృతంతోపాటే ఒక భయమూ వచ్చినది. మోతాదు మించిన కుందేళ్ళు ఉన్నట్టుండి గిలగిల కొట్టుకొని పడిపోయేవి. చక్కెర ద్రావణం ఎక్కించగానే లేచి కూర్చునేవి. తొలినాళ్ళలో ఇన్సులిన్‌కు ‘యూనిట్’ అనే కొలతను కూడా అట్లాగే కట్టినారు. పస్తున్న కుందేలు రక్తంలో చక్కెరను, మూర్ఛ వచ్చేటంతగా, 45 మిల్లీగ్రాములకు దించగల మందు ఒక యూనిట్ అన్నారు. అంటే ఈ మందు కొలతలోనే దాని అపాయమూ ఇమిడి ఉన్నదన్నమాట.

కారణం సులభంగానే తెలుస్తుంది. ఆరోగ్యవంతుని క్లోమం చక్కెర తగ్గగానే ఇన్సులిన్ విడవడం తగ్గిస్తుంది. సూదితో లోపలికి పోయిన మందుకు ఆ వివేకం లేదు. తిన్నా తినకపోయినా తన పని తాను చేసుకొని పోతుంది. 1946లో ఎన్.పి.హెచ్. అనే నిదానపు ఇన్సులిన్ వచ్చి సూదుల సంఖ్యను తగ్గించినది. కాని సాయంత్రం వేసిన ఆ మందుకు బలం హెచ్చేది నడిరేయి దాటిన తరువాత, ఇల్లంతా నిద్రపోయే వేళ. తరువాత కాలంలో అంతగా ఎగుడుదిగుడులు లేని మందులు వచ్చి ఆ భయాన్ని తగ్గించినవి గాని, పోగొట్టలేదు.

రాత్రివేళ అనగానే మన రాయవేలూరి చరిత్ర జ్ఞాపకం వస్తుంది. 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ యువతిగా తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మనుషులు వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలకు సాయం చేయమని తలుపు తట్టినారు. ఆమెకు వైద్యం రాదు. పురుష వైద్యుని పంపడానికి వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించినారు. ఆ రాత్రి వల్లనే ఆమె వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల తెరచినారు. గుడియాత్తం దారిలో చెట్లక్రింద రోగులను చూచినారు. 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయం పెట్టినారు. నేటి సి.ఎం.సి. దాని విస్తరణే. ఆ సంస్థ వారి సామాజిక ఆరోగ్య విభాగం దశాబ్దాలుగా కనియంబాడి సమితి గ్రామాలలో పనిచేస్తున్నది. వైద్యం ఆసుపత్రి గుమ్మం దాటి ఇంటి అరుగు దాకా రావలెనన్నదే ఆ పని వెనుక ఉన్న తలంపు.

ఇన్సులిన్ వాడేవారి ఇంట రాత్రిపూట తలుపు తట్టే మనిషి రాడు. రోగి శరీరమే తడుతుంది. ఒళ్ళంతా చెమట, వణుకు, గుండెదడ, తీరని ఆకలి, పీడకల, తికమక మాటలు, ఉదయాన తలనొప్పి, తడిసిన పక్కబట్టలు — ఇవి ఆ చప్పుళ్ళు. ఇంటివారు వీటిని గుర్తుపట్టవలె.

నిద్రకు ముందు రక్తంలో చక్కెర చూచుకోవడం మొదటి పని. 70కి తగ్గితే, మనిషి తెలివిగా ఉంటే, మూడు నాలుగు చెమ్చాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి వెంటనే త్రాగించవలె. కొవ్వు కలిసిన చాక్లెట్టు ఆ క్షణానికి పనికిరాదు. పావుగంటకు తిరిగి చూచి, ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ ఇవ్వవలె. సరిపడిన తరువాత ఒక ఇడ్లీయో, పాలూ బిస్కట్లో పెట్టి పడుకోనివ్వవలె. స్పృహ తప్పిన మనిషి నోట ఏమీ పోయరాదు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంట గ్లూకగాన్ ఉంటే ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలె. సాయంత్రం బాగా ఆటలాడినా, మద్యం త్రాగినా, రాత్రి భోజనం తగ్గినా, ఆ రేయి రెండు మూడు గంటలకు మళ్ళీ చూడడం మేలు. ఇట్లా తరచు జరిగితే మోతాదు మార్పు సంగతి వైద్యునితో మాట్లాడవలె.

దూరదేశాల నుంచి వచ్చే బంధువులకు ఇంకొక మాట. మన దేశంలో సీసా ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులలోనిది 100. వంద బలం గల మందును నలభై సిరంజితో గీతలు లెక్కపెట్టి ఎక్కిస్తే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. సీసామీదా, సిరంజిమీదా ఉన్న అంకెలు ఒకటేనా అని చూడనిదే సూది వేయరాదు.

‘లంఖణం పరమౌషధం’ అన్న మాట మనకు ఉగ్గుపాలతో అబ్బినది. జ్వరానికి అది తగునేమో గాని, ఇన్సులిన్ వేసుకొన్నవారికి మాత్రం అపాయకరం. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు చేయదలచినవారు ముందుగా వైద్యుని అడుగవలె. పండుగనాడు మధ్యాహ్నం బొబ్బట్లతో కడుపు నింపుకొని, ‘రాత్రికి ఏమీ వద్దు’ అని పడుకోవడం మన ఇళ్ళలో మామూలు. హెచ్చిన చక్కెరకని ఎక్కువ సూది వేసుకొని, పిదప భోజనం మానితే ఆ రాత్రే ప్రమాదం.

‘పండుగ తీపి తిన్నావు గనుకనే ఇదంతా’ అని పిల్లలను కసరవద్దని తల్లిదండ్రులకు మా మనవి. కసరితే రేపు చెమట పట్టినా చెప్పడు. టొరాంటోలో మందు పుట్టి నూరేండ్లు దాటినది. దానిని కనిపెట్టినది శాస్త్రం. రాత్రిపూట దానికి కాపలా కాయవలసినది మాత్రం ఇంటివారే. ఈ ఉగాది రాత్రి పడుకొనేముందు, అటువంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటా తలాపున చక్కెర డబ్బా, మంచినీళ్ళ చెంబు ఉంచవలెనని కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు అర్పిస్తున్నాము.