ఖస్రా ఎవరు తెచ్చినట్టు?

మా నానీమా తన సొంత చెల్లెలితో ముప్పై ఏళ్లు మాట్లాడలేదు. సంగతేమంటే, ఒక షాదీకి చోటీ నానీ హైదరాబాద్ నుంచి బిడ్డను చంకనేసుకుని మా పల్లెకొచ్చింది. రెండు రోజులకు ఆ బిడ్డకు ఒళ్లంతా దద్దులు. రెండు వారాలకు మా చిన్న మామూకి ఖస్రా. తెలుగులో తట్టు అంటాం కదా, అదే. మూడేళ్ల పిల్లాడు, ఇంతెఖాల్ అయ్యాడు. "షహర్ నుంచి నా బచ్చాకు మౌత్ మోసుకొచ్చింది" అనేది నానీమా.

ఆ కసూర్ ఎవరిది? ఈ సవాలే నన్ను ఖస్రా తారీఖ్‌లోకి లాక్కుపోయింది.

మసూచి వేరు, ఖస్రా వేరు అని వివరంగా కితాబ్ రాసినవాడు హకీం అల్ రాజీ. అది వెయ్యేళ్ల పైమాట. కానీ ఈ బీమారీ ఊరి నుంచి ఊరికి ఎట్లా నడుస్తదో తేలడానికి చాలా జమానా పట్టింది.

1846లో ఒక వడ్రంగి కోపెన్‌హేగన్ నుంచి ఫారో దీవులకు వస్తూ ఖస్రా తెచ్చాడు. అక్కడి ఆబాదీ 7,782. అందులో 6,000 మందికి పైగా పడకేశారు. జాంచ్ చేయడానికి పోయిన డాక్టర్ పానుమ్ ఒకటి గమనించాడు. 1781లో ఖస్రా వచ్చిపోయిన ముసలివాళ్లకు మళ్లీ రాలేదు. అంటే ఒకసారి వస్తే జిందగీభర్ హిఫాజత్. ఇంకోటి, మధ్యలో 65 ఏళ్లు అక్కడ ఖస్రా లేనే లేదు. చిన్న బస్తీలో పిల్లలందరికీ వచ్చిపోయాక దానికి కొత్త మనిషి దొరకడు, ఆరిపోతది.

మరి ఎంత పెద్ద షహర్‌లో ఆరకుండా ఉంటది? 1957లో బార్ట్‌లెట్ అనే గణాంక శాస్త్రవేత్త ఇంగ్లండ్ షహర్ల హిసాబ్ తీశాడు. ఒక్క కేసూ లేని వారాలు ఎక్కడున్నాయో చూశాడు. రెండున్నర, మూడు లక్షల ఆబాదీ దాటితే అక్కడ రోజూ పుట్టే పిల్లలే ఖస్రాకు సరిపోతారని తేల్చాడు.

2001లో గ్రెన్‌ఫెల్ సాథీలు ఇంగ్లండ్, వేల్స్‌లో 1944 నుంచి రాసిపెట్టిన వారం వారం లెక్కలు ముందేసుకున్నారు. వబా ముందు లండన్ లాంటి పెద్ద షహర్లలో లేచి, తర్వాత చుట్టుపక్కల చిన్న ఊళ్లకు అలలాగా పోయేదని కనిపించింది. 2004లో దానికి ఒక నమూనా కట్టారు. ఊళ్లు ఎంత పెద్దవైతే వాటి మధ్య రాకపోకలు అంత ఎక్కువ, ఫాస్లా పెరిగేకొద్దీ తక్కువ. ఆ రాకపోకల వెంటే బీమారీ.

అది చదివి చాలాసేపు ఊరుకున్నాను. మా పల్లెకు ఖస్రా బయటి నుంచే వచ్చింది, నానీమా మాట సహీ. కానీ దద్దులు కనపడక ముందు నాలుగు రోజుల నుంచే అది అంటుకుంటది. బస్సెక్కేటప్పుడు చోటీ నానీకి ఏం తెలుసు? ఆమె రాకపోతే సంతకు పోయినోళ్లో, ఇంకో మెహమానో తెచ్చేవాళ్లు. షహర్‌లో అది ఎప్పుడూ రగులుతూనే ఉండె. ఖస్రా టీకా మన దేశంలో అందరు పిల్లల కోసం సర్కారీ కార్యక్రమంలో చేరింది 1985లో. మామూకి అది అందలేదు.

ఇద్దరు నానీలూ ఇప్పుడు లేరు. ఈ హిసాబ్ వాళ్ల ముందు పెట్టే మౌకా నాకు దొరకలేదు. మీ ఇంట్లో తొమ్మిది నెలల బిడ్డ ఉంటే మొదటి టీకా, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేయించండి. షహర్‌లో ఉంటే ఇంకా జరూర్‌గా. అల లేచేది అక్కడే.