అరసవల్లి కిరణం – ప్రాచీసాధనం

తణుకులో గోస్తనీ తీరాన మే నెల 6 లేదా 7వ తేదీన, ఇంచుమించు పన్నెండు గంటల వేళ, సమతలంపై నిట్టనిలువుగా నాటిన కర్రకు నీడ ఉండదు. సూర్యభగవానుడు సరిగ్గా శిరస్సుపైకి వచ్చే దినమది. అక్కడినుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు నీడ దక్షిణదిశగా పడుతుంది. మిగిలిన కాలమంతా ఉత్తరంగానే పడుతుంది. జీవితమంతా ఈ డెల్టాలో గడిపినవారిలో కూడా దీనిని గమనించినవారు అరుదు. ఎండ తీవ్రతను తిట్టుకోవడమే తప్ప నీడ ఎటు పడుతున్నదని చూసే ఓపిక మే నెలలో ఎవరికుంటుంది! మన పూర్వులు మాత్రం చూశారు. చూచి, ఆ నీడనే ఆధారంగా చేసుకొని వేదికలను, ఆలయాలను నిర్మించారు.

ఈ తణుకును ఒకప్పుడు తారకాపురమని పిలిచేవారనీ, ఆదికవి నన్నయ భట్టారకుడు ఇక్కడ యజ్ఞం చేశాడనీ స్థానిక ఐతిహ్యం. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే స్వీకరిద్దాం. అయితే యజ్ఞమన్నది ఎక్కడ జరిగినా, ఎవరు చేసినా, దానికి ముందుగా కావలసినది ప్రాచి, అనగా శుద్ధమైన తూర్పు పడమరల రేఖ. ఆ రేఖ కుదరనిదే వేది లేదు. వేదిని కొలిచే శాస్త్రమే శుల్బసూత్రాలు. దేవాలయవాస్తు ఆ వేదికి వారసురాలు.

కాత్యాయన శుల్బసూత్రం ప్రాచీసాధనాన్ని ఎంతో సరళంగా చెప్పింది. నేలను సమం చేయాలి. మధ్యలో శంకువును నాటాలి. ఆ శంకువు ఎత్తుకు సమానమైన తాడుతో దాని చుట్టూ ఒక మండలం గీయాలి. ప్రొద్దుట నీడ పొడవుగా ఉండి మండలాన్ని దాటి పడుతుంది. ప్రొద్దెక్కేకొద్దీ కుంచించుకొని, దాని కొన ఒకచోట మండలరేఖను తాకి లోపలికి ప్రవేశిస్తుంది. అపరాహ్ణంలో మరల పెరిగి, రెండవవైపున అదే రేఖను దాటి వెలుపలికి పోతుంది. ఆ రెండు చోట్ల మేకులు పాతి కలిపితే అదే ప్రాచి. అయస్కాంతపు సూది అక్కరలేదు. పైగా అయస్కాంతపు ఉత్తరం భూమి ఉత్తరంతో ఏకీభవించదు, కాలక్రమాన కదులుతూ ఉంటుంది కూడా. నీడకు ఆ దోషం లేదు.

ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. మండల వ్యాసార్ధం శంకువు ఎత్తుతో సమానం గనుక, సూర్యుడు 45 డిగ్రీల ఉన్నతికి చేరితేనే నీడ లోపలికి వస్తుంది. తణుకు అక్షాంశం 16 డిగ్రీల 45 కలలు. డిసెంబరు 21 లేక 22న, అనగా సూర్యుడు దక్షిణాన అత్యంత దూరంలో ఉన్న రోజున కూడా, మధ్యాహ్నం ఆయన ఇక్కడ దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. కనుక గోదావరీ తీరంలో ఈ విధానం సంవత్సరమంతా పనిచేస్తుంది. అదే కాశీలో ఆ దినాలలో సూర్యుడు 41 డిగ్రీలను కొద్దిగా దాటుతాడంతే. నీడ మండలంలోకి రాదు. అక్కడ పెద్ద మండలమో, మరొక ఋతువో కావాలి. శాస్త్రం ఒకటే అయినా, దానిని ప్రయోగించే స్థపతికి తన నేల తెలిసి ఉండాలన్నమాట. ఉదయానికీ సాయంకాలానికీ మధ్య సూర్యుని క్రాంతి స్వల్పంగా మారడం వలన రేఖలో కలిగే దోషాన్ని కూడా పెద్దలు ఎరుగుదురు. మయమతం వంటి వాస్తుగ్రంథాలలో నీడను సవరించే విధి కనబడుతుంది.

సూర్యుడు ఒక్కడే కాదు, నక్షత్రాలు కూడా దిక్కు చెప్పేవి. కృత్తికలు తూర్పు దిక్కునుండి చలించవని శతపథ బ్రాహ్మణం చెప్పింది. కృత్తికలు, శ్రవణం, చిత్తా స్వాతుల నడిమి భాగం వంటి గుర్తులతో ప్రాచిని నిర్ణయించే పద్ధతిని బౌధాయనుడు పేర్కొన్నాడు. నేడు కార్తికమాసపు సంధ్యలో తణుకు మేడపైకి ఎక్కి చూస్తే కృత్తికలు శుద్ధ తూర్పున ఉదయించవు. అక్కడినుండి ఇంచుమించు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాయి. శ్రుతివాక్యం అసత్యమని తొందరపడరాదు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వలన సుమారు 26,000 సంవత్సరాల ఆవర్తనలో నక్షత్రాల ఉదయస్థానాలు మారుతూ ఉంటాయి. ఈ వాక్యం ఆధారంగానే శంకర బాలకృష్ణ దీక్షితులవంటి జ్యోతిర్విదులు ఆ పరిశీలన జరిగిన కాలాన్ని క్రీస్తుపూర్వం మూడవ సహస్రాబ్దికి లెక్కకట్టారు. ఆ కాలనిర్ణయాన్ని అందరూ అంగీకరించలేదు. కాని ఇందువలన మనకు తెలిసే విషయమొకటి ఉన్నది: నక్షత్రాన్ని నమ్మి కట్టిన కట్టడం కొన్ని శతాబ్దులకే గురి తప్పుతుంది. సూర్యుని నమ్మి కట్టినది మాత్రం వేల సంవత్సరాలు నిలుస్తుంది.

నక్షత్రాలను రాతిపై నిలిపినవారు మన తెలుగునేలపైనే ఉన్నారు. తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో, కృష్ణానది ఒడ్డున, ముడుమాల్ అనే గ్రామం ఉన్నది. అక్కడ పది నుండి పద్నాలుగు అడుగుల ఎత్తుగల నిలువురాళ్ళు దాదాపు ఎనభై నిలిచి ఉన్నాయి. వాటి చుట్టూ చిన్న రాళ్ళు వరుసలు తీరి ఉన్నాయి. సుమారు మూడు వేల సంవత్సరాలకు పైబడిన బృహచ్ఛిలాయుగపు కట్టడమిది. కొన్ని వరుసలు ఉత్తరాయణ దక్షిణాయన సంధులలోని సూర్యోదయ సూర్యాస్తమయాలకు అభిముఖంగా ఉన్నాయనీ, ఒక శిలపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయనీ హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. పి. రావు పరిశోధించి చెప్పారు. 2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రతిపాదిత జాబితాకు ఎక్కినది. కాని గ్రామస్థులు యునెస్కో వచ్చేవరకు ఆగలేదు. ఆ రాళ్ళను వారు ఏనాటినుండో దైవంగా కొలుస్తున్నారు.

ఇక అరసవల్లికి వద్దాం. శ్రీకాకుళానికి చేరువలోనున్న ఈ సూర్యక్షేత్రాన్ని కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ ప్రభువు దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దంలో నిర్మించాడని ప్రతీతి. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోను, మరల అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోను, సూర్యోదయానంతరం కొద్ది నిమిషాలపాటు బాలభానుని కిరణాలు అనివెట్టి మండపం గుండా గర్భాలయంలోకి ప్రవేశించి స్వామి పాదాలను స్పృశిస్తాయి. ఆ క్షణం కొరకు భక్తులు వేకువనే బారులు తీరుతారు. మబ్బు పట్టిందా, మరల ఆరు నెలలు ఆగవలసిందే.

ఈ తేదీలను ఒక్కసారి పరిశీలించండి. వసంత విషువత్తు మార్చి 20 ప్రాంతంలో, శరద్విషువత్తు సెప్టెంబరు 23 ప్రాంతంలో వస్తాయి. మార్చి 10 మొదటిదానికి పది రోజులు ముందు. అక్టోబరు 2 రెండవదానికి తొమ్మిది రోజులు తరువాత. అనగా ఈ రెండు సందర్భాలలోను సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా ఇంచుమించు నాలుగు డిగ్రీల దూరంలో, ఒకే చోట ఉంటాడు. ఒకమారు ఉత్తరానికి వస్తూ, ఒకమారు దక్షిణానికి పోతూ. ఆలయపు చూపు తూర్పునుండి నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా ఉండి ఉండాలని ఈ లెక్కనుండే ఊహింపవచ్చు.

రెండు మూడు దినాలు మాత్రమే ఎందుకు? విషువత్తుల సమీపంలో సూర్యోదయస్థానం దినానికి 0.4 డిగ్రీల వంతున జరుగుతుంది. సూర్యబింబపు వెడల్పు అర డిగ్రీ. కనుక సన్నని ద్వారమార్గంలో బింబం ఒకటి రెండు రోజులు ఇమిడి, మూడవనాటికి ప్రక్కకు తొలగిపోతుంది. అదే అయనసంధులకు అభిముఖంగా కట్టి ఉంటే, అక్కడ సూర్యుడు నిలిచినట్లుగానే ఉంటాడు గనుక, కిరణం పది పదిహేను దినాలు పడుతూనే ఉండేది. ఐర్లండులోని న్యూగ్రేంజ్ సమాధిలో అలాగే జరుగుతుంది. క్రీస్తుపూర్వం 3200 ప్రాంతపు ఆ కట్టడంలో డిసెంబరు అయనసంధికి అటూ ఇటూ పలు ఉదయాలు వెలుగు లోపలికి వస్తుంది. అరసవల్లి కిరణానికి ఉన్న దుర్లభత్వం దాని దిశలోనే ఉన్నది.

మరొక లెక్క. ఈ కిరణం సాయనం, మన పంచాంగం నిరయణం. మార్చి 10న సూర్యుడు నేటి పంచాంగం ప్రకారం కుంభరాశి చివరి భాగంలో ఉంటాడు. ఏడవ శతాబ్దంలో ఇదే కిరణం పడిననాడు ఆయన మీనరాశి నడుమ ఉండి ఉండాలి. అయనచలనం వలన ఈ పదమూడు శతాబ్దులలో పందొమ్మిది దినాల అంతరం ఏర్పడింది. మకర సంక్రాంతి జనవరి 14కు జరిగి, నిజమైన ఉత్తరాయణారంభం డిసెంబరులోనే ఉండిపోవడానికి కారణం కూడా ఇదే. కాబట్టి ఫలానా తిథినాడు కిరణం పడుతుందని చెప్పేవారిని నమ్మి ప్రయాణం కట్టవద్దు. తిథి చంద్రునిది. కిరణానికి చంద్రునితో పనిలేదు.

ఇదంతా గణితమే అయితే ఇందులో మహిమ ఏమిటని ఒక యువకుడు నన్ను అడిగాడు. శ్రీకృష్ణదేవరాయల నిర్మాణంగా ప్రసిద్ధమైన నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయం పశ్చిమాభిముఖం. అక్కడ మార్చి ఉత్తరార్ధంలో సాయంకిరణాలు స్వామిని అర్చిస్తాయి. మొదటినాడు పాదాలను, పిదప నాభిని, ఆపైన శిరస్సును తాకుతాయంటారు. ఆ అబ్బాయి ఆ దృశ్యం చూచి వచ్చి ఈ ప్రశ్న వేశాడు. గణితం లేకుండా జరిగి ఉంటే అది యాదృచ్ఛికం అయ్యేదని నేనన్నాను. ఒక మనిషి సంవత్సరాల తరబడి ఉదయాస్తమయాలను కనిపెట్టి, తన ఆయుర్దాయం తరువాత కూడా తప్పని విధంగా ఆ వెలుగును స్వామి పాదాలకు సమర్పించాడు. నైవేద్యాలలో ఇటువంటిది మరొకటి నాకు తెలియదు. ఆ అబ్బాయికి ఈ సమాధానం సంపూర్ణంగా రుచించలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

అరసవల్లి ఆలయం పద్దెనిమిదవ శతాబ్దంలో చాలావరకు పునర్నిర్మితమైనది. అయినను కిరణం నేటికీ పడుతున్నది. ఆ పని చేసినవారు పాత గురిని కాపాడారన్నమాట. నా దృష్టిలో మొదటి నిర్మాతకు ఎంత గౌరవం చెల్లునో వారికీ అంతే చెల్లాలి. ఈజిప్టులోని అబూ సింబెల్ గుహాలయం రామ్సెస్ చక్రవర్తి తొలిపించినది. దానిలోకి ఏటా రెండుమార్లు, ఫిబ్రవరిలోను అక్టోబరులోను, ఉదయకిరణం వెళ్తుంది. అస్వాన్ ఆనకట్టలో మునిగిపోకుండా 1960లలో ఆ కొండనే ముక్కలుగా కోసి ఎత్తైన చోటికి తరలించినప్పుడు, ఇంజనీర్లు అదే దిశను లెక్కకట్టి నిలబెట్టారు.

మన పల్లెలలో అంత శ్రద్ధ కనబడదు. తణుకుకు కొద్ది దూరంలో మా మాతామహుల గ్రామం. అక్కడి చిన్న శివాలయంలో ఆయన అర్చకులు. మార్చి 17, 18 తేదీలలో ఉదయం వెలుగు ధ్వజస్తంభం ప్రక్కగా వచ్చి పానవట్టాన్ని తాకేది. ఆయన ఆ తేదీలను ప్రతి ఏటా పంచాంగపు అంచున పెన్సిలుతో వ్రాసుకొనేవారు. ఆ పాత పంచాంగాలు నా వద్ద ఉన్నాయి. ప్రక్కన తిథి ఏటేటా మారుతున్నది. ఒక ఏడు ఫాల్గుణ శుద్ధం, మరొక ఏడు బహుళం. ఇంగ్లీషు తేదీ మాత్రం కదలలేదు. సెప్టెంబరు 25, 26 ఎదుట చాలా సంవత్సరాలు ఒకటే మాట: మబ్బు.

కొన్నేళ్ళ క్రితం ఆ గుడిని జీర్ణోద్ధరణ చేశారు. ముందు భాగంలో విశాలమైన కాంక్రీటు మండపం, దానికి ఇనుప షట్టరు, పైన రేకులు. వానకు తడవకుండా భక్తులు నిలబడవచ్చు, అది నిజమే. చందాలిచ్చిన వారంతా సద్భావంతోనే ఇచ్చారు. ఎవరూ దిక్కును కొలవలేదు, ఎవరూ ముసలి అర్చకుని అడగలేదు. అడిగేనాటికి ఆయన లేరు. కిరణం ఇప్పుడు షట్టరు మీద పడి ఆగిపోతున్నది. షట్టరు తెరిచి ఉంచినా ప్రయోజనం లేదు. గర్భగుడిని చేరవలసిన ఎత్తులో మండపపు దూలం అడ్డు నిలిచింది.

నిరుడు వేసవిలో ఆ ఊరికి వెళ్ళి, పెద్దల అనుమతితో ప్రాంగణంలో ఒక శంకువు నాటి, మండలం గీసి, రెండు రోజులు నీడ పట్టాను. గుడి చూపు తూర్పునుండి ఒక డిగ్రీకి కొంచెం పైన దక్షిణంగా తేలింది. తాతగారి తేదీలకు అది సరిపోతుంది. ఆ కాగితాన్నీ, ఆ పంచాంగాలనూ కమిటీవారి ముందు పెట్టాను. మొదట నవ్వారు. తరువాత వారిలో ఒక రైతు, తన చిన్నతనంలో ఆ వెలుగు చూశానన్నాడు. ఇంకొకరు, మరొకరు. దూలాన్ని తీయడం కుదరదు గాని, దాని క్రింద గోడలో రెండడుగుల జాలకం తెరిపిస్తామని ఒప్పుకొన్నారు. తాపీమేస్త్రీకి సుద్దముక్కతో గుర్తు పెట్టి వచ్చాను. పుష్యమాసంలో పని ముగిసింది. మార్చి 17న తెల్లవారకముందే మేమందరం అక్కడ ఉంటాము.