ఐదుసార్లు రెండో నంబరు

ఇంకో రెండు పిడకలు వేయరా నానీ, మంట తగ్గింది. ఇందాక నీ ఫోనులో మోగిన ‘ప్రౌడ్ మేరీ’ టీనా టర్నర్‌ది అనుకుంటున్నావేమో. ఆవిడ తర్వాత పాడింది. అసలు పాట క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వాళ్ళది. నోరు తిరగదులే, క్రీడెన్స్ అను చాలు. వాళ్ళ ఊరు ఎల్ సెరిటో, నేను ఎమ్మెస్ చదివిన బర్క్‌లీ పక్కనే. అందుకే వాళ్ళ ఊసెత్తితే నన్ను ఆపడం కష్టం.

1959లో జాన్ ఫొగర్టీ, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ ఒకే బడి పిల్లలు. ఇంకా మీసాలు కూడా రాలేదు. బ్లూ వెల్వెట్స్ అని పేరు పెట్టుకుని డాన్సులకి వాయించేవాళ్ళు. జాన్‌కి అన్న టామ్, మూడున్నరేళ్ళు పెద్ద. మొదట్లో పాటగాడు అతనే. తమ్ముడి గొంతు పదునెక్కాక మైకు వాడికి వదిలేసి, తను పక్కన గిటారు పట్టుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకో.

1964లో ఫాంటసీ అనే చిన్న కంపెనీ వాళ్ళని తీసుకుంది. బీటిల్స్ గాలి వీస్తున్న రోజులు కదా, బ్రిటిష్ వాసన తగలాలని గాలివాగ్స్ అని పేరు మార్చేసింది. వీళ్ళని అడగనైనా లేదు! ఆ తర్వాత వియత్నాం యుద్ధం పిలుపులు, రిజర్వు దళాల్లో డ్యూటీలు. ఇప్పుడు మనం చెప్పుకునే పేరు 1968లో గానీ కుదరలేదు. తొమ్మిదేళ్ళు నానా తిప్పలు పడ్డారన్నమాట. మీరేమో రెండు రీల్స్‌కి లైకులు రాకపోతే అన్నం మానేస్తారు.

మరుసటేడు, 1969లో, పన్నెండు నెలల్లో మూడు ఎల్పీలు వేశారు! విడి పాటలైతే 45 ఆర్‌పీఎం రికార్డులుగా వచ్చేవి, చిన్న పళ్ళెమంత. మధ్యలో బొక్క పెద్దది. ఎల్పీ ప్లేయరు మీద పెట్టాలంటే అందులో ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఇరికించాలి. నా రూమ్మేటు ఎప్పుడూ ఆ బిళ్ళ పారేసి నన్ను వెతకమనేవాడు. షాపుల్లో అమ్మకాలు, రేడియోలో ఎన్నిసార్లు వేశారన్నది కలిపి, బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం హాట్ 100 జాబితా వేసేది.

“అందులో ఎన్నిసార్లు ఒకటో నంబరు వచ్చారు తాతయ్యా?”

ఒక్కసారీ రాలేదు. ఐదు రికార్డులు రెండు దాకా ఎక్కి ఆగిపోయాయి. ‘ట్రావెలిన్ బ్యాండ్’కి అడ్డం పడింది ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’. సరే, దాని ముందు ఎవరు నిలుస్తారు, ఒప్పుకుంటాను. ‘గ్రీన్ రివర్’ నెత్తిన కూర్చున్నదెవరనుకున్నావు? ఆర్చీస్! టీవీ కార్టూన్ బొమ్మల బ్యాండురా! వెనక పాడింది స్టూడియో గాయకులే అనుకో, అయినా నాకది ఇప్పటికీ మింగుడుపడదు. ‘బ్యాడ్ మూన్ రైజింగ్’ మాత్రం ఇంట గెలవకపోయినా రచ్చ గెలిచింది, బ్రిటన్‌లో ఒకటో నంబరు కొట్టింది.

అంతలో లోపలే పొగ రాజుకుంది. రాసేది జాన్, పాడేది జాన్, ఎవరేం వాయించాలో చెప్పేదీ జానే. మైకు వదిలిన అన్నకి ఎంతకాలమని ఓపికుంటుంది? 1971లో వెళ్ళిపోయాడు. 1972లో దుకాణం మూసేశారు. 1990లో టామ్ పోయేదాకా అన్నదమ్ములకి పొసగనే లేదు.

ఆ పైన కాగితాల గొడవ. కుర్రతనంలో పెట్టిన సంతకాలతో పాటల హక్కులు కంపెనీకి పోయాయి. ఆ మంటతో జాన్ ఏళ్ళ తరబడి తన పాటలు తనే పాడలేదు. 1980ల్లో కొత్త పాటొకటి చేస్తే, ‘ఇది నీ పాత పాటలాగే ఉంది, ఆ పాత పాట మాది’ అని ఫాంటసీ దావా వేసింది. తన పాటని తనే కాపీ కొట్టాడట! 1988లో గిటారుతో బోనెక్కి, పాట ఎలా కడతాడో వాయించి చూపించాడు. జ్యూరీ అతని పక్షానే తీర్పిచ్చింది. లాయరు ఖర్చులు కూడా వాళ్ళే కట్టాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1994లో అక్కడా నెగ్గాడు.

“మరిప్పుడు ఆ పాటలు ఎవరివి?”

2023లో హక్కుల్లో పెద్ద వాటా అతని చేతికే వచ్చింది, 77 ఏళ్ళ వయసులో. ఊరికే ఇచ్చారనుకునేవు, డబ్బు పోసి కొనుక్కున్నాడు.