అంగుళము తప్పిన వేతనపట్టీ

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గుపొరను కనుగొనుటయు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుటయు, పిమ్మట గోదావరీతీరమున రామగుండము, గోదావరిఖని గనులు వెలయుటయు మన చరిత్రగ్రంథములకెక్కిన సంగతులే. కాని బాయి దిగిన మనిషికి నెలకెన్ని మస్టర్లు పడెనో, వానికెంత జీతము రావలెనో కాగితముపై అచ్చొత్తిన యంత్రముల కథకు ఆ గ్రంథములలో చోటు అరుదు.

గుమాస్తా చేతివ్రాత స్థానమున కూర్చున్న యంత్రములలో ఒకటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. తొమ్మిది సూదులతో సిరారిబ్బనును పొడిచి, కార్బను ప్రతులను సైతము ఒక్కదెబ్బతో తెచ్చు ఈ యంత్రము అక్షరరూపములను తన కడుపులోనే దాచుకొనినది గనుక, కంప్యూటరు 65 అను సంఖ్యను పంపిన మాత్రమున ఆంగ్లవర్ణమాలలోని తొలి పెద్దక్షరమును తానే కొట్టెడిది. అందువలన దోషాన్వేషణమును సుకరమయ్యెను: కేబులు ఊడదీసి, ఎల్ఎఫ్ మీటను అదిమిపట్టి స్విచ్చి వేయగా తనంత తానుగా వరుసలు కొట్టినచో ప్రింటరు నిర్దోషి, మరల కేబులు తగిలించి, డాస్ తెరపై డిఐఆర్ ఆజ్ఞ ఫలితమును ఎల్‌పీటీ1 అను ప్రింటరు పోర్టుకు మళ్లింపగా ఫైళ్ల పట్టీ కాగితముపైకి వచ్చినచో కేబులును పోర్టును నిర్దోషులే, ఇక మిగిలిన ముద్దాయి విండోస్ 98లోని డ్రైవరు.

నన్నడిగినచో, ఈ చరిత్రలో మిక్కిలి రసవత్తరమైన తగవు ఒక్క అంగుళమునకు సంబంధించినది. మన బజారులో దొరకు కంటిన్యుయస్ స్టేషనరీ మడతకు మడతకు నడుమ 12 అంగుళములుండును; ప్రింటరులోని డిప్ స్విచ్చి 11 అంగుళములకు అమర్చబడియున్నచో మొదటి పుట చక్కగా వచ్చును, రెండవ పుట శీర్షిక మొదటి కాగితపు అడుగు అంగుళమున పడును, మూడవది రెండవ కాగితములోనికి రెండంగుళములు ఎగబ్రాకును; ఇట్లు ఒకని పేరొక కాగితమునను వాని కోతలు మరియొక కాగితమునను పడుచు, పన్నెండు పుటలు ముగియుసరికి లెక్క సరిగా మడతకు వచ్చి చేరుటచే, పదమూడవ పుటను చూచిన గుమాస్తా రోగము దానంతటదే కుదిరెనని భ్రమపడును. ఆటో లైన్‌ఫీడు స్విచ్చియు వేసియున్నచో, పంక్తి మార్పును డాస్ ఒకమారు పంపగా ప్రింటరు మరొకమారు చేర్చుకొనును. పట్టీ రెట్టింపు పొడవగును.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఈ తగవు చోటు మార్చుకొనెను. ప్రింటర్ల ఫోల్డరులోని ఫైలు మెనూనుండి సర్వర్ ప్రాపర్టీస్ తెరచి, అచట 12 అంగుళముల కొత్త ఫారమును సృజించి, పిదప దానిని ప్రింటరుకు అప్పగింపవలెను. గౌతమి అను తెలుగు ఫాంటు ఎక్స్‌పీతో వచ్చుటచే కార్మికుని పేరు తెలుగున అచ్చగుట సులభమయ్యెను గాని, సూదుల యంత్రమునకు తెలుగక్షరములు తెలియవు గనుక విండోస్ వానిని బొమ్మలుగా గీసి పంపవలసివచ్చి వేగము మందగించెను.

చవుక లేజరు ప్రింటర్లు వచ్చి పరిస్థితిని తలక్రిందులు చేసెను. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటి యంత్రమునకు స్వంతముగా ఒక్కక్షరమును రాదు. పుటనంతయు కంప్యూటరే గీసియిచ్చుట అటుండగా, స్విచ్చి వేసిన ప్రతిసారియు దాని ఫర్మ్‌వేరును సైతము కంప్యూటరే అందింపవలెను. ఫాక్స్‌ప్రో అను పాత ప్రోగ్రాములోని లెక్కలు ఎల్‌పీటీ1కు వట్టి అక్షరములనే పంపును. ప్రింటరును షేరుచేసి, నెట్ యూజ్ ఆజ్ఞతో ఎల్‌పీటీ1ను దానివైపు త్రిప్పు ఉపాయము పలువురకు తెలిసినదే. డాట్ మ్యాట్రిక్స్‌కు అది దివ్యముగా పనిచేయును, ఈ లేజరు యంత్రముకడ మాత్రము కాగితము కదలదు.

మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు నిలిపివేసెను. అయినను ఎప్సన్ ఎల్ఎక్స్-310 వెనుకభాగమున యూఎస్‌బీ ప్రక్కనే ప్యారలల్, సీరియల్ పోర్టులును ఉండుట చూచినచో, పాత లెక్కలు ఇంకను నడచుచున్న బల్లలెన్నియో తయారీదారులు మనకన్న బాగుగా ఎరుగుదురనిపించును.