పోరుమామిళ్ల చెఱువు: ఱాతికెక్కని కట్టుబాటు

మా పోరుమామిళ్ల చెఱువు పేరెత్తినంతనే పొరుగూరివారు భైరవాలయము ముందటి శిలాశాసనమును గూర్చియే యడుగుదురు. బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి నుండి యేలినవాడును నగు భాస్కర భవదూరుడు శకవర్షము 1291లో, అనగా క్రీ.శ. 1369లో, అనంతరాజసాగరమను పేర నీ తటాకమును నిర్మించి, దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిన వైనమును, మంచి చెఱువునకు వలయు పండ్రెండు సాధనములను, తగులరాని ఆఱు దోషములను సంస్కృతమున చెక్కించినాడు. ప్రకృతి నిలిపిన నాలుగు గుట్టల నడిమి మూడు సందులను మాత్రమే మనుష్యులు కట్టపోసి మూసిరి.

కట్ట చెమర్చుట, నేల చవుడగుట, చెఱువు నడుమ మెరక లేచుట శిల్పి కంటికి కానవచ్చు దోషములు. రెండు రాజ్యముల పొలిమేరపై చెఱువుండరాదనుట మాత్రము తగవులెఱిగినవాడు చెప్పిన మాట. నీరు చాలక ఆయకట్టు హెచ్చుటయు దోషమే యని శాసనము పలికినది. అట్టి యేట ఎవని మడి ముందు తడుపవలెనో ఱాతికెక్కలేదు. ఆ కట్టుబాటు నీరుగంటి చేతిలోనిది.

సీమ చెఱువులక్రింద నీరుగంటి తెల్లవాఱకమునుపే పార భుజమున వేసికొని కాలువ వెంట నడచి, తూము వదలి, తెగిన గట్టును ఒండ్రుమట్టితో పూడ్చి, వంతు తప్పి నీరు మళ్లించినవాడెంతటి పెద్దరైతైనను నిలువరించుచుండెను. పలుచోట్ల ఆయకట్టున సెంటు భూమియైన లేకుండుటయే వాని నిష్పక్షపాతమునకు పూచీ. వాని జీతము రొక్కము కాదు, కళ్లమున తూర్పారబట్టిన ధాన్యము నుండి కొలిచి యిచ్చు మేర. చివరి మడి యెండినచో వాని గంజియు నెండును.

కట్ట మరామత్తునకు దశబంధమాన్యములుండెను. పూడిక తీయుటకు ఊరుమ్మడి చాకిరి యుండెను. దొరతనమువారు శిస్తు తాము గొని, 1858 నాటి మొదటి చట్టముచే ఆ చాకిరికి రానివానికి జరిమానా విధించిరి. ఇది నా కెన్నడును న్యాయముగా తోచలేదు. 1997 చట్టముచే నీటి వినియోగదారుల సంఘములు వెలసినవి. పనుల అంచనాలయందు చూపు శ్రద్ధ నీటి పంపకమున చూపు సంఘములు నాకంతగా కానరాలేదు.

కనుక ఆయకట్టుదారులకు నాదొక మనవి: ఈ యేడు నారుమళ్లు పోయకమునుపే కూడి, వంతుల క్రమమును, నీరుగంటికి ఎకరమున కింత యను మేరను నిర్ణయించి, సంఘపు పుస్తకమున వ్రాయించి, అందఱిచేతను వ్రేలిముద్రయో సంతకమో వేయింపుడు.