ఫిట్సా, గుండె తడబాటా?

1827లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ ఆడమ్స్ ఒక రోగి సంగతి రాసిపెట్టాడు. రెవెన్యూ శాఖలో ఉద్యోగి, వయసు 68. ఏడేళ్లలో కనీసం 20 సార్లు ఒళ్లు తెలియకుండా పడిపోయాడు. చూసేవాళ్లకు అది మెదడు జబ్బే. కానీ పడ్డాక ఒక్కసారి కూడా కాలూ చెయ్యీ చచ్చుబడలేదు. నాడి చూస్తే నిమిషానికి 30! మూలం మెదడులో కాదు, గుండెలో ఉందని ఆడమ్స్ తేల్చాడు.

అంతకుముందే, 1761లో, పాడువా ఆచార్యుడు మోర్గాని నాడి మందగించిన మూర్ఛ (ఫిట్స్) గురించి రాశాడు. 1846లో డబ్లిన్‌కే చెందిన విలియం స్టోక్స్ మరికొన్ని కేసులు చేర్చాడు. లండన్‌ నరాల వైద్యుడు విలియం గోవర్స్ అయితే మూర్ఛకు పొరుగునే ఉంటూ మూర్ఛ కాని జబ్బుల మీద 1907లో ఏకంగా పుస్తకమే వేశాడు. సొమ్మసిల్లడం అందులో ఒకటి.

ఇంత తికమక ఎందుకంటే, సొమ్మసిల్లినవాడూ కొట్టుకుంటాడు. ఫిట్స్‌లో మెదడు కణాలు ఒక్కుమ్మడిగా విద్యుత్తును ఎగజిమ్ముతాయి. సొమ్మసిల్లినప్పుడు రక్తం చాలక పైమెదడు మూగబోతుంది; అదుపు తప్పిన కిందిభాగం కాళ్లూ చేతులూ ఎగరేస్తుంది. 1994లో బెర్లిన్‌లో థామస్ లెంపర్ట్ బృందం ఆరోగ్యంగా ఉన్న 59 మంది చేత గబగబా ఊపిరి తీయించి, చటుక్కున నిలబెట్టి, ఊపిరి బిగబట్టించింది. 42 మంది పూర్తిగా స్పృహ తప్పారు, సగటున 12 సెకన్లు. వీడియోలు చూస్తే వాళ్లలో 90 శాతం మందికి ఒళ్లు అదిరింది; చాలామందికి కనుగుడ్లు పైకి తేలాయి. మన బస్టాండులోనైతే ఈపాటికి ఎవరో ఫిట్స్ అనుకుని తాళంచెవుల గుత్తి చేతిలో కుక్కేవారే. పడినవాడు లేచి కూర్చుంటే ఆ ఘనత తాళాలదే! నాడి మీద వేలు పెట్టేవారు అరుదు.

తేడా తెలిసేది ఎక్కువగా స్పృహ వచ్చాకే. సొమ్మసిల్లినవాడు లేస్తూనే మనుషుల్ని గుర్తుపడతాడు. పెద్ద ఫిట్స్ వచ్చినవాడికి కాసేపు అంతా అయోమయం; నాలుక పక్కన గాటు కూడా ఉండొచ్చు.

2000లో మాంచెస్టర్ వైద్యులు మందులకు లొంగని, లేదా నిర్ధారణ మీదే అనుమానమున్న 74 మంది ఫిట్స్ రోగులకు గుండె పరీక్షలు చేశారు. వాలుబల్లకు కట్టి నిలబెట్టి రక్తపోటు, నాడి గమనించారు. 31 మందిలో వేరే కారణం బయటపడింది. కొందరిలో చర్మం కింద అమర్చిన ఈసీజీ పరికరం పట్టిచ్చింది: పడిపోయే వేళకు గుండె బాగా నెమ్మదిస్తోంది. గుండె అలా మొరాయించేవాళ్లకు ఫిట్స్ మాత్రలు ఎన్ని మింగించినా లాభం లేదు, పేస్‌మేకర్ కావాలి.