వ్యసనం వేరు, నేరం వేరు: లైసాండర్ స్పూనర్ గీసిన గీత

19వ శతాబ్దపు అమెరికాలో మద్యం ఆరోగ్యానికీ నీతికీ సంబంధించిన సమస్యగా మాత్రమే మిగలక, పౌరుడి జీవితంలో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చునన్న వివాదానికి కేంద్రమైంది. పోర్ట్‌లాండ్ నగర మేయర్ నీల్ డౌ పట్టుదలతో మెయిన్ రాష్ట్రం 1851లో మద్యం తయారీని, అమ్మకాన్ని నిషేధించగా, మసాచుసెట్స్ సహా పలు రాష్ట్రాలు కొద్దికాలంలోనే ఆ బాట పట్టాయి. ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ 1859 నాటి ‘ఆన్ లిబర్టీ’లో ఈ చట్టాన్ని ప్రత్యేకంగా విమర్శించి, ఇతరులకు హాని కలగకుండా నివారించేందుకు తప్ప వ్యక్తిపై బలప్రయోగం తగదని వాదించాడు.

అమెరికాలో ఈ ఆలోచనను చివరి అంచు దాకా తీసుకెళ్లినవాడు లైసాండర్ స్పూనర్. 1808లో మసాచుసెట్స్‌లోని ఆథోల్‌లో పుట్టిన ఈ న్యాయవాది 1844లో ప్రైవేటు తపాలా సంస్థను నెలకొల్పి ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని సవాలు చేశాడు. మరుసటి ఏడాది బానిసత్వం రాజ్యాంగ విరుద్ధమని గ్రంథం రాశాడు. సంఘానికైనా ప్రభుత్వానికైనా వ్యక్తి హక్కులే ప్రాతిపదిక అని చెప్పే వ్యక్తివాదం అతని రచనలన్నిటికీ మూలసూత్రం.

‘వ్యసనాలు నేరాలు కావు’ అన్న అతని వ్యాసం 1875లో, రచయిత పేరు లేకుండా, డయో లూయిస్ అనే వైద్యుడు వెలువరించిన గ్రంథంలో భాగంగా అచ్చయింది. ఈ లూయిస్ మద్యాన్ని సమర్థించినవాడు కాడు. 1873 డిసెంబరులో ఒహాయోలోని హిల్స్‌బరోలో అతని ఉపన్యాసం విన్న స్త్రీలు గుంపుగా బయలుదేరి, సారాదుకాణాల ముందు మోకరిల్లి, ప్రార్థనలు చేసి, వ్యాపారం మానుకొమ్మని యజమానులను వేడుకున్నారు. అంతటి ఉద్యమానికి ప్రేరకుడైన వ్యక్తే ఒప్పించి మాన్పించడం మేలనీ, చట్టంతో మాన్పించబోవడం విఫలయత్నమనీ తేల్చడం ఆ గ్రంథానికి ప్రత్యేకమైన బలాన్నిచ్చింది.

స్పూనర్ వాదం ఒక నిర్వచనంపై నిలుస్తుంది. మనిషి తనకు, తన ఆస్తికి చేసుకునే హాని వ్యసనం. ఎదుటివారి శరీరానికో ఆస్తికో ఉద్దేశపూర్వకంగా చేసే హాని నేరం. సుఖాన్వేషణలో జరిగే పొరపాటే వ్యసనమని, అందులో పరుల కీడు కోరే దురుద్దేశం లేదని అతడు వివరించాడు. శరీరతత్త్వం, మనస్తత్త్వం, పరిస్థితులు మనిషి మనిషికీ మారుతాయి కనుక, ఒకరికి సుగుణమైనది మరొకరికి దుర్గుణం కావచ్చు. ఏ పని ఏ మేరకు సుఖాన్నిస్తుందో, ఎక్కడ దుఃఖానికి దారితీస్తుందో ఎవరికి వారు అనుభవంతో నేర్చుకోవలసిందే. ఆ స్వేచ్ఛను తీసివేస్తే సద్గుణాన్ని ఎంచుకునే అవకాశమే పోతుంది. పైగా వ్యసనాలన్నిటినీ శిక్షించబూనితే జైలు బయట మిగిలేవారే ఉండరు.

ఈ వాదానికి అసలు పరీక్ష కుటుంబంలో ఎదురవుతుంది. కూలి డబ్బు సారాకు పోయి పిల్లలు పస్తులున్నప్పుడు, తాగినవాడు హాని చేసుకున్నది తనకొక్కడికేనని అనలేము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల నుంచి రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం లేవనెత్తిన ప్రశ్న ఇదే. దాని ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, సంపూర్ణ నిషేధం సడలిపోయింది. అమెరికాలోనూ 1920లో అమలులోకి వచ్చిన దేశవ్యాప్త నిషేధం దొంగసారా వ్యాపారాన్ని, నేరముఠాలను పెంచి 1933 డిసెంబరు 5న రద్దయింది.

ఈ రెండు చరిత్రలూ స్పూనర్ గీసిన గీత అవసరాన్నీ, దానిలోని లోపాన్నీ ఒకేసారి చూపుతాయి. శిక్షతో సద్గుణాన్ని నాటలేమన్న అతని మాట నిజం. అయితే వ్యక్తివాదం న్యాయమైనది కావాలంటే, తాగే భర్తను మాత్రమే కాక, దెబ్బలు తినే భార్యను, పస్తులుండే బిడ్డను కూడా పూర్తి హక్కులున్న వ్యక్తులుగా లెక్కించాలి. అలా లెక్కించినప్పుడు తాగుడు వ్యసనంగానే మిగులుతుంది, కొట్టడమూ కడుపు మాడ్చడమూ నేరాలవుతాయి. చట్టం శిక్షించవలసినది ఆ నేరాలనే.